కదిలేదల్లా ప్రకటన కాదు

నవ్యశ్రీ దగ్గర మార్కులు రాలడం కష్టమని మచిలీపట్నంలోని ఆ చిన్న కంపెనీలో అందరికీ తెలుసు. హోటల్లో ఇడ్లీ తిన్నా చట్నీకి వేరుగా, సాంబారుకి వేరుగా మార్కులు వేసే మనిషి. ఉద్యోగం కూడా అందుకు తగ్గదే దొరికింది. ఏఐ ఏజెంటుకి, అంటే చెప్పిన పని చేసిపెట్టే ప్రోగ్రాముకి, ఫలానా పని ఇలా చెయ్యాలని నేర్పే సూచనలను ఆ కంపెనీలో రాస్తారు. వాటిని స్కిల్స్ అంటారు. ఒక్కో స్కిల్ ఏమాత్రం పనికొస్తుందో పరీక్షించి, పదికి ఇన్ని అని తేల్చడం ఆమె పని.

ఆ వారం ఆమె ముందుకు మహేష్ రాసిన స్కిల్ వచ్చింది. మహేష్ రోజూ గుడివాడ నుంచి రైల్లో వస్తాడు, రైల్లో కూడా తన స్కిల్ గురించే ఆలోచిస్తాడు. ఏదైనా వెబ్ పేజీ ఇస్తే అందులోని ప్రకటనలు, మెనూలు, అడ్డొచ్చే పెట్టెలు అన్నీ ఏరేసి, అసలు విషయాన్ని చదువుకోవడానికి వీలుగా మార్చివ్వడం ఆ స్కిల్ చేసే పని.

నవ్యశ్రీ దానికి వార్తల పేజీలిచ్చింది, వంటల పేజీలిచ్చింది, పెడన కలంకారీ దుకాణం వాళ్ల పేజీ ఇచ్చింది. ఏదిచ్చినా కడిగిన ముత్యంలా తిరిగొచ్చింది. తప్పు పట్టుకుందామని కళ్లజోడు తుడుచుకుని మరీ చూసింది. ఒక్క చెత్త ముక్క కనిపించలేదు.

"ఎలా ఉందండీ?" అని మహేష్ ఆమె బల్ల దగ్గరికొచ్చి అడిగాడు.

"బానే ఉంది. తొమ్మిదేశాను."

ఆమె నోట తొమ్మిది అన్న అంకె ఎవరూ విని ఎరుగరు. మహేష్ కాసేపు ఆనందించి, తర్వాత ఉండబట్టలేక, "ఆ ఒక్కటీ ఎందుకు తగ్గిందండీ?" అన్నాడు.

"పదికి పది వేస్తే రేపట్నుంచి మీరు మాతో మాట్లాడరు."

పరీక్షకు వాడిన పేజీల్లో నాగాయలంకలో జరగబోయే చేపల వంటల పోటీది ఒకటుంది. ఆదివారం పొద్దున, కృష్ణ ఒడ్డున, చూడవచ్చిన వాళ్లు రుచి చూడొచ్చు కూడా. మార్చిన పేజీని నవ్యశ్రీ ఇంటికి తీసుకెళ్లి పిన్నికి చదివి వినిపించింది. పిన్ని పేరు ఇందిరాదేవి. రొయ్యల వేపుడు దగ్గరికి వచ్చేసరికే ఆవిడ ప్రయాణం ఖాయం చేసేసుకుంది.

"ఆ మహేష్ గారిని కూడా రమ్మనవే. ఆయన పుణ్యాన తెలిసిందిగా," అంది.

ఆదివారం ముగ్గురూ బస్సెక్కారు. ఇందిరాదేవి కొత్త కలంకారీ చీర కట్టుకుని, ఒళ్లో ఖాళీ క్యారేజీ పెట్టుకుని కూర్చుంది. మిగిలినవి పారబోయడం పాపమని ఆవిడ వాదన. మబ్బు పట్టింది. అవనిగడ్డ దాటాక గాలి కూడా మొదలైంది. మహేష్ మాత్రం దారిపొడుగునా తన స్కిల్ ఎన్ని రకాల ప్రకటనలను పసిగట్టగలదో వివరిస్తూ వచ్చాడు. ఇందిరాదేవి అన్నిటికీ తలూపింది, ఒక్క ముక్కా వినలేదు.

ఒడ్డుకు చేరేసరికి అక్కడ నాలుగు షామియానా గుంజలున్నాయి. తాడుతో కట్టిపడేసిన ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. ఒక కుక్క ఆ కుర్చీల కింద పడుకుని వీళ్లను చూసింది.

"మనమే ముందొచ్చినట్టున్నాం," అన్నాడు మహేష్.

ఆ మాట మీద చాలాసేపు నిలబడ్డారు. చివరికి నవ్యశ్రీ ఫోన్లో అసలు పేజీ తెరిచింది. పైన ఎర్రటి అక్షరాలు కుడి నుంచి ఎడమకి పరిగెడుతున్నాయి. వాయుగుండం కారణంగా పోటీని వచ్చే ఆదివారానికి వాయిదా వేశారట. ఆమె ఫోన్ మహేష్ చేతికిచ్చింది.

అతను చూశాడు. ఆ వాక్యం రెండోసారి తిరిగొచ్చేదాకా చూశాడు.

"కదిలేదల్లా ప్రకటనే, తీసెయ్యి అని రాశానండీ స్కిల్లో," అన్నాడు మెల్లిగా.

"బస్సు కూడా కదిలిందిగా బాబూ," అంది ఇందిరాదేవి. "దాన్నీ తీసేసుంటే ఇంట్లోనే ఉండేవాళ్లం."

మహేష్ మొహం ఎర్రబడింది. "అయినా తొమ్మిదేసింది మీరేగా," అన్నాడు నవ్యశ్రీతో.

ఆమె ఫోన్ వెనక్కి తీసుకుని సంచిలో పడేసుకుంది.

పడవలు వేటకు వెళ్లలేదు కాబట్టి బస్టాండు దగ్గర హోటల్లో చేపల్లేవన్నారు. చేపల ఊరికొచ్చి బంగాళాదుంప కూరతో పూరీ తిన్నారు. ఇందిరాదేవి క్యారేజీ బల్ల మీద పెట్టి, దాని వంకా మహేష్ వంకా మార్చి మార్చి చూస్తూ తింది. తిరుగు బస్సులో వాన కిటికీలోంచి కొడుతుంటే నవ్యశ్రీ తను చేసిన పరీక్షలన్నీ మళ్లీ తలుచుకుంది. మార్చిన పేజీని చూసి అందులో చెత్త ఉందా అని వెతికింది. అసలు పేజీ పక్కన పెట్టుకుని ఏం పోయిందో ఎన్నడూ వెతకలేదు. ఉన్నదానికే మార్కులేసింది.

సోమవారం ఆమె మేనేజరు రాజ్యలక్ష్మి గారి దగ్గరికి బయల్దేరుతుంటే మహేష్ అడ్డొచ్చాడు.

"నేను సరిచేశాక చెప్పకూడదాండీ? రెండ్రోజులాగండి."

"జనం అప్పుడే వాడేస్తున్నారు. ఈ రెండ్రోజుల్లో ఇంకెవరైనా క్యారేజీ పట్టుకుని బయల్దేరితేనో?"

రాజ్యలక్ష్మి గారు అంతా విని, "తొమ్మిదేసింది మీరే కదమ్మా," అన్నారు.

"అవునండీ. వెనక్కి తీసుకుంటున్నాను. స్కిల్లో తప్పు ఆయనది, పరీక్షలో తప్పు నాది."

స్కిల్‌ని ఆపేశారు. మహేష్ రెండ్రోజులు ఆమెతో పొడిపొడిగా మాట్లాడి, మూడోనాడు కొత్తది తెచ్చిచ్చాడు. ఈసారి భయం కొద్దీ దేన్నీ తీసెయ్యలేదు. వాయిదా వార్తా ఉంది, దాని కింద మోకాళ్ల నొప్పుల నూనె ప్రకటనా ఉంది. నవ్యశ్రీ రెండు మార్కులేసింది. అతను మళ్లీ కూర్చున్నాడు.

ఆమె కూడా పద్ధతి మార్చుకుంది. అసలు పేజీని ముందుగా పిన్నికి చూపించి, ఇందులో నీకేం కావాలని అడిగేది. పిన్ని చెప్పినవన్నీ మార్చిన పేజీలో ఉన్నాయో లేదో ఆ తర్వాత చూసేది. కరెంటు కోతల పేజీలో ఇందిరాదేవికి కావలసింది తమ వీధి పేరొక్కటే. పెళ్లిచీరల పేజీలో మాత్రం ప్రకటనలు కూడా కావాలంది. అక్కడ కొంత బేరమాడవలసి వచ్చింది.

శనివారానికి స్కిల్ కుదురుకుంది. పోటీ పేజీ ఇస్తే వాయిదా సంగతి మొట్టమొదటి వాక్యంగా తెచ్చి పెట్టింది, నూనె ప్రకటనను తీసేసింది. ఆదివారం మళ్లీ ముగ్గురూ బయల్దేరారు. ఇందిరాదేవి మాత్రం నిర్వాహకులకు ఫోన్ చేసి, వంటలు మొదలయ్యాయని రూఢి చేసుకున్నాకే గుమ్మం దిగింది.

ఒడ్డంతా పులుసు వాసన. ఎండ చక్కగా కాస్తోంది. మహేష్ ఆకుదొన్నెలో చేప ముక్క పట్టుకుని నవ్యశ్రీ పక్కకొచ్చాడు.

"ఇంతకీ ఇప్పుడెంతండీ?"

"ఎనిమిది."

"తప్పున్నప్పుడు తొమ్మిది, సరిచేశాక ఎనిమిదా? ఆ మిగతా రెండూ ఏమయ్యాయండీ?"

"మా పిన్ని దగ్గరున్నాయి. వెళ్లి అడగండి."

ఇందిరాదేవి అవతల రొయ్యల వేపుడు పొయ్యి దగ్గర వరసలో నిలబడి ఉంది. మహేష్ దొన్నె చేత్తో పట్టుకుని నిజంగానే అటు నడిచాడు.