ఎదురుదెబ్బ ఒక్కటే

ఆటలో రౌండుకి తన చేతిలో ఉన్నవి మూడు, ఒక పెద్ద పని, ఒక చిన్న పని, ఒక ఎదురుదెబ్బ, బొమ్మ నడక వేరే, అది అందరికీ ఉన్నదే, అని రంగుల కొట్టాయన మళ్ళీ మొదటినుంచి లెక్క చూసుకున్నాడు, కత్తి దూయడం ఏ పద్దులోకి వస్తుంది, గాయానికి మందు తాగడం పెద్దదా చిన్నదా, పోయిన వారం చిన్నదే అన్నట్టు గుర్తు, చెల్లెలు బళ్ళో లెక్కల పంతులమ్మ, ఆదివారం మధ్యాహ్నం ఈ బల్ల మీద ఆమెదే రాజ్యం, గళ్ళ కాగితం మీద పాడుబడ్డ కోట గీసి తోడేళ్ళను తానే నడుపుతుంది, తప్పాడితే అన్న అని కూడా చూడదు, ఎదురుదెబ్బ నీ వంతులో కాదు అన్నయ్యా, నీ పక్క గడిలోంచి ఎవరైనా జారుకుంటే అప్పుడు, రౌండుకి ఒక్కటే అంటుంది, వాడకపోతే వచ్చే రౌండుకి జమ అవుతుందా అంటే అవ్వదట, ఉన్న సరుకు పారబోసుకోవడమేగా ఇది.

నేనిక్కడ ఉండను అన్నయ్యా, అవతలి గుమ్మానికి పోతా, అన్నాడు తమ్ముడు పక్క గడిలోని తన బొమ్మను ఎత్తుతూ, అచ్చం పొద్దున కొట్లో వినిపించిన గొంతే, నీలం డబ్బా కలుపుతూ తలెత్తకుండా, ఎదురు వరసలో సొంతంగా కొట్టు పెట్టుకుంటానన్నయ్యా అన్న గొంతు, అప్పుడు తనేం చేశాడు, మూత పెట్టి సుత్తితో కొట్టాడు, సొట్టపడేదాకా కొట్టాడు, ఆగు, నా పక్క గడి దాటుతున్నాడు, నాకో దెబ్బ రావాలిగా, అని పాచిక అందుకున్నాడు.

చెల్లెలు కళ్ళజోడు తీసింది, ఎవర్ని, తమ్ముణ్ణా, రూలు అదేగా, రూలు శత్రువుకి అన్నయ్యా, శత్రువో కాదో ఎవరు చెప్పాలి, నువ్వే చెప్పాలి, కొట్టనీలే అక్కా, పొద్దున్నుంచి చెయ్యి దురద పాపం, డబ్బా మూత అయింది, ఇక నేనే మిగిలా, అన్నాడు తమ్ముడు, నవ్వుతూనే అన్నాడు కానీ బొమ్మను కింద పెట్టలేదు, శత్రువా, ఎప్పటినుంచి, పొద్దున్నుంచా, తన బొమ్మకి తన మీసమే దించి రంగులేసింది తమ్ముడి చెయ్యేగా, అవతలి గుమ్మం కాయడానికి పోతున్నాడా, వదిలేసి పోతున్నాడా, రెండింటికీ వీపు ఒకేలా కనబడుతుందే, ఎలా తెలిసేది, కొట్టి తీరాలా అని అడిగాడు, తీరాలని ఎవరన్నారు, ఇష్టమైతేనే, అంది చెల్లెలు, ఇన్ని వారాలూ ఈ ముక్క ఎందుకు వినబడలేదు, ఇష్టమైతేనే, పాచిక కింద పెట్టేశాడు, పోనీ, పోనీ.

తమ్ముడి బొమ్మ అటు చేరిందో లేదో, అన్న బొమ్మ పక్కనున్న తోడేలు దాని వెంట పడింది, అన్నయ్యా నీ దెబ్బ మిగిలే ఉందిగా, వెయ్యి వెయ్యి, అని కేకేసింది తమ్ముడే, వేశాడు, మూడు పడింది, తోడేలు తోకలో వెంట్రుక కూడా ఊడలేదు అంది చెల్లెలు, ఈ గురితోనా నన్ను కొడదామనుకున్నావు, అని తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు, ఆ కొత్త కొట్లో అరలు చెక్కవా ఇనుపవా, అన్న మాట తన నోట్లోంచే వచ్చిందని అతనికి కాస్త ఆలస్యంగా తెలిసింది, ఇంకా అనుకోలేదన్నయ్యా, నువ్వొచ్చి చూస్తావా అన్నాడు తమ్ముడు, చూస్తాలే, ఇనుపవే వేయించు, డబ్బాల బరువుకి చెక్క వంగుతుంది, లెక్క కడితే తోడేలు బతికే ఉంది, దెబ్బ ఖర్చయిపోయింది, వచ్చిన లాభమల్లా ఒక్కటే, పోయేవాడి వీపు మీద పడబోయిన దెబ్బ పడలేదు.