మోదుగుపూల నడుమ మ్రాను

శిశిరము వీడ్కొని వసంతునకు దారి యిచ్చు తఱిని, మొన్నమొన్నటివఱకు ఎండుటాకుల గలగలలతో బోసిపోయి నిలిచిన యెఱ్ఱకోన యడవి నాలుగునాళ్ళలో రూపు మార్చుకొని కొమ్మకొమ్మకు నగ్నిశిఖాసదృశములైన మోదుగుపూవులు దాల్చి రాలినపూవులచే నేల యెల్ల రక్తకంబళము పఱచినట్లు శోభిల్లుచుండెను. చూచువారి కన్నులకు పండుగయే గాని బోయయువకుడగు తిప్పన్నకు మాత్రము గుండె జాఱిపోయెను.

దానికి కారణము కలదు. ఆ కోన బోయలలో పిల్ల నడుగవచ్చినవాడు తన చేతులతో రంగు వేసికొన్న బట్టలు ధరించి మేయుచున్న జింకను దాని కంట బడక వట్టిచేతితో తాకవలయును. జింక బెదరి పరుగిడెనేని పెండ్లి పై యేటికి వెనుకబడును. తిప్పన్న తన మేనమామయు బోయల పెద్దయు నగు చౌడప్ప కూతురు చెంగమ్మను చిన్ననాటనుండియు వలచినవాడు. ఏడాది మాట యటుండ నెలనాళ్ళయినను నిలువలేని తమకము గలవాడు. కావున ఆకురాలు కాలముననే తొందరపడి కరక్కాయరసమునను వాగుబురదయందును బట్టలు నానవేసి యెండుటాకురంగు పట్టించి “నన్నిప్పుడు కన్నతల్లియే గుర్తింపజాలదు” అని యింటింటను కోతలు కోసెను. అడవి యతని కోతలు వినిపించుకొనక తన రంగు తాను మార్చుకొనెను.

మరల రంగు వేసికొను వ్యవధి లేకయే వచ్చిన పరీక్షాదినమున ఆ యెఱ్ఱని నేలపై ప్రాకుచు తిప్పన్న పెండ్లిపందిట మఱచిపోయిన కట్టెలమోపువలె కొట్టవచ్చినట్లు కనబడెను. ఎదుటిబండపై గూర్చున్న చౌడప్ప మీసముల చాటున నవ్వుకొనెను. నీళ్ళ సొరబుఱ్ఱ యందిచ్చు నెపమున దాపునకు వచ్చిన చెంగమ్మ నవ్వాపుకొని మెల్లగా నిట్లనియె.

“బావా! పూవు లెఱ్ఱనైనవి, నేల యెఱ్ఱనైనది. మ్రాను రంగు మాఱినదా?”

“లేదు.”

“మఱి నేలపై ప్రాకనేల? రాలినపూవులు మేయ జింకలే వచ్చును గదా! మ్రానువలె నిలువుము. ఈ యొక్కపూట తొందర మానినచో నీ సొమ్మేమి పోవును?”

తిప్పన్న మోదుగుమ్రాని కానుకొని నిలిచెను. పొద్దెక్కెను, చీమలు కాళ్ళమీది కెక్కెను, అయినను కదలడయ్యెను. తుదకు చుక్కలజింకల గుంపొకటి పూవు లేఱుకొని తినుచు చేరవచ్చెను. అంతలో నొక పూవు రాలి యతని భుజమున నిలిచెను. ఒక లేడి మెడ సాచి దాని నందుకొనుచు వెచ్చని నాలుకతో నతని మెడ నాకెను. కితకితలచే నుబికివచ్చు నవ్వును పండ్లబిగువున నాపి తిప్పన్న తన యఱచేతిని దాని వెన్నుపై మెల్లగా నుంచెను. ఆ పిమ్మట నింక నాపజాలక కోన మాఱుమ్రోగునట్లు నవ్వెను. జింకలు చెంగుచెంగున పాఱిపోయెను. పోయిన నేమి, పని యైపోయినది.

చౌడప్ప బండ దిగివచ్చి “అల్లుడా! నీవు దానిని తాకితివో అదియే నిన్ను తాకెనో నాకు తెలియరాలేదు. మా యక్కను పసుపు కొట్టు మనుము” అనెను.

పెండ్లినాడు తిప్పన్న ఆమడదూరమునకైనను కనబడు పచ్చని పసుపుబట్టలు గట్టెను. ఋతువు ననుసరించి దాగుటయే పుట్టుకతో వచ్చిన విద్యగా గల యా బోయవాడు నాడు మాత్రము చెంగమ్మ చేయి పట్టుకొని యెల్లరకును కనబడునట్లు కోన యంతయు తిరిగెను.