గ్యాస్ గోలీ

కాశిబుగ్గలో జంపఖానాలు నేసే యాకూబ్‌కు రాత్రి అన్నం తిన్నాక ఒక గోలీ వేసుకోవడం అలవాటు. అది దేనికని కొత్త కోడలు ఫర్జానా అడిగితే, అత్త హుసేన్‌బీ తడుముకోకుండా గ్యాస్‌కని చెప్పింది.

నిజానికి అది స్కిజోఫ్రీనియాకు వాడే మందు. పెళ్లికి కొన్నేళ్ల ముందు యాకూబ్‌కు ఎవరూ లేకున్నా మాటలు వినపడేవి. ఎవరో చంపడానికి వస్తున్నారని తలుపులు బిగించుకొని కూర్చునేవాడు. దర్గాలూ తాయెత్తులూ అయ్యాక దవాఖానకు తీసుకుపోతే, మందులతో తేరుకొని మళ్లీ మగ్గం ముందు కూర్చున్నాడు. తల్లి ప్రాణం లేచి వచ్చింది. కానీ జబ్బు పేరు చెబితే పిల్లనెవరిస్తారు? షుగర్ గోలీని నలుగురిలో వేసుకోనిచ్చే మన లోకమే, మనసు జబ్బు గోలీకి దొంగపేరు పెట్టిస్తుంది. హుసేన్‌బీని ఒక్కదాన్నే ఏమనగలం?

ఫర్జానా మంచి పిల్ల. ఆ మంచితనమే కొంప ముంచింది. మొగుడి కడుపు బాగుపడాలని కూరల్లో కారం తగ్గించింది, రోజూ మజ్జిగ తాగించింది. గోలీ వేసుకుంటే పొద్దెక్కినా మత్తుగానే ఉంటున్నాడని, ఇక దాని అవసరం లేదంది. యాకూబ్‌కూ ఆ మత్తంటే విసుగే. పైగా నిజం చెప్పడానికి నోరు రాలేదు. అమ్మకు తెలియకుండా మానేశాడు. కొన్నాళ్లు చురుగ్గానే తిరిగాడు. తన వంట మహిమేనని ఆ పిచ్చితల్లి మురిసిపోయింది.

తర్వాత అతనికి నిద్ర కరువైంది. గోడల్లోంచి ఎవరో తిడుతున్నారన్నాడు. ఒకనాడు ఫర్జానా ఇచ్చిన మజ్జిగలో విషముందని గ్లాసు విసిరికొట్టి, సగం నేసిన జంపఖానాను కత్తితో కోసేశాడు.

దవాఖానలో డాక్టర్ పద్మలత మందులు మళ్లీ మొదలుపెట్టారు. మునుపటిలా అవుతాడా అని అడిగిన హుసేన్‌బీ దగ్గర ఆమె ఏమీ దాచలేదు.

"మందులు వాడుకుంట సంసారం, పని చేసుకునేటోళ్లు మస్తుమంది ఉన్నరమ్మా. గానీ మధ్యల ఆపితే జబ్బు తిరగబెడ్తది. తిరగబెట్టినకొద్దీ తేరుకునుడు కష్టమైతది. ఈసారి మునుపటంత కాకపోవచ్చు. మత్తుగుంటే మాకు చెప్పాలె, మందు మారుస్తం. మీ అంతల మీరు ఆపొద్దు."

ఇప్పుడు యాకూబ్ అరవడం లేదు. మగ్గం ముందు కూర్చుంటాడు గానీ, పోగు తెగితే అతికించకుండా దాన్నే చూస్తుంటాడు. గోలీ ఫర్జానాయే చేతిలో పెట్టి, మింగేదాకా పక్కన నిలబడుతోంది. సంసారం నిలవాలనే అబద్ధమాడానని హుసేన్‌బీ ఏడ్చింది.

"ముందుగాల చెప్తే చేసుకునేదాన్నో లేదో నాకే తెల్వదు అత్తమ్మా," అంది ఫర్జానా. "చేసుకున్నంకనన్న చెప్తే, గోలీ బంద్ చెయ్యుమని నా నోటితోని అనేదాన్నా?"

హుసేన్‌బీ ఒక్కదానికే కాదు ఆ ప్రశ్న. ఆమెతో ఆ అబద్ధం ఆడించిన మనకు కూడా.