సగంలో ఆగిన షాటు

కరుణాకుమారి చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. అయినా ఎనభై తొమ్మిదిలో ఒక బుధవారం నాడు, ఫిల్మ్‌నగర్‌లోని స్టూడియో ఫ్లోరులో ఆమె కంప్యూటర్ ఆపరేటర్. ప్లైవుడ్‌తో బీరువాల్లా చేసి బూడిదరంగు పూసిన యంత్రాల ముందు, తెల్లకోటు వేసుకుని టేపు చక్రం మార్చాలి. డైలాగు లేదు.

పొద్దున ఆరింటికి, కృష్ణానగర్‌లో ఐదు నెలల పిల్లవాణ్ణి పక్కగది బుచ్చమ్మకు అప్పగించి వచ్చింది. వాడు సీసా పాలు నోట పెట్టడు. ఇప్పుడు పదకొండయింది. హీరో ఇంకా రాలేదు. హీరో షాట్లన్నీ అయ్యాకే మిగతావాళ్లవి తీస్తారు. అందాకా కరుణతో కలిపి నలభై మంది జూనియర్ ఆర్టిస్టులు కూర్చునే ఉన్నారు. పిల్లవాడు గుక్కపట్టి ఉంటాడని కాసేపు, బుచ్చమ్మ తలుపేసి కూరలకు వెళ్లి ఉంటుందని కాసేపు అనుకుంది కరుణ.

పక్క కుర్చీలో అచ్యుతరామయ్యగారు ఉన్నారు. అసలైన మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ మీద పనిచేసి రిటైరైన మనిషి. సినిమాలో టెక్నికల్ తప్పులు దొర్లకూడదని డైరెక్టరు పిలిపించాడు. పొద్దుటి నుంచి ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. కరుణ కూడా అడగలేదు గానీ, లేచి వెళ్లిపోలేదు. ఆయనకు అది చాలు.

"మొదట్లో ఇలాగే ఉండేదమ్మా," అన్నారాయన ఫ్లోరు చూపిస్తూ. "ఒక్కొక్కడూ మిషను మీద ఒక గంట తన పేర రాయించుకునేవాడు. వాడు టేపు ఎక్కించి చిల్లుల కార్డులు పేర్చేదాకా అంత ఖరీదైన మిషను ఊరికే కూర్చునేది. తర్వాత పనులన్నీ కట్టగట్టి వరసగా నడిపే ప్రోగ్రాము రాశారు. అయినా ముందున్న పని టేపు కోసం ఆగితే వెనకవన్నీ ఆగేవి."

"మరెలాగండీ?"

"చివరికి బుద్ధొచ్చింది. ఒక పని ఆగితే ఆ సందులో ఇంకోటి నడిపించారు. అదంతా చూసుకునేదే ఆపరేటింగ్ సిస్టమ్."

కరుణ లేచి తిన్నగా కో-డైరెక్టరు వీరరాఘవయ్య దగ్గరికి వెళ్లింది.

"సార్, హీరోగారొచ్చేలోపు నా షాటు తీసేయండి సార్."

"డైరెక్షన్‌లో ఎప్పుడు చేరావమ్మా?"

"అసలు మిషన్లే అలా చేస్తాయంటండీ. ఆయన చెప్పారు."

అచ్యుతరామయ్యగారు దూరం నుంచే తలూపారు. వీరరాఘవయ్యకు మిషన్ల సంగతి తెలియదు. కెమెరా ఊరికే ఉంటే డైరెక్టరు తిడతాడని మాత్రం బాగా తెలుసు. సరేనన్నాడు.

కరుణ చక్రం పట్టుకుని చెయ్యి చాచింది. గుమ్మం దగ్గర కారు ఆగింది. హీరో వచ్చాడు. "కట్!" అన్నారు. కెమెరా అటు తిరిగిపోయింది.

"ఇదేంటండీ?" అంది కరుణ, వెనక్కి వచ్చి.

"దీనికీ ఏర్పాటుందమ్మా. పెద్ద పని వస్తే చిన్నదాన్ని మధ్యలో ఆపుతారు. ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకుంటారు. చోటు చాలకపోతే దాన్ని తీసి డిస్కు మీదికి పంపేస్తారు."

"అంటే బయటికా?"

"బయటికే. పిలిస్తే వచ్చి, ఆగినచోటే మొదలెడుతుంది."

ఎడమచేతిలో చక్రం, కుడికాలు ముందుకు, జడ భుజం మీద. కరుణ తను ఆగిన తీరంతా బట్టీపట్టి మళ్లీ వీరరాఘవయ్య దగ్గరికి వెళ్లింది.

"ఒక్క గంట బయటికెళ్లొస్తాను సార్. బాబు పాలకి ఏడుస్తుంటాడు."

"ప్యాకప్ దాకా గేటు దాటకూడదని తెలీదూ?"

అచ్యుతరామయ్యగారు వచ్చి నిలబడ్డారు. "హీరో ఒక్కడే సిస్టమ్ ముందుండే సీనండీ ఇది. ఆపరేటరు కనిపిస్తే టెక్నికల్‌గా తప్పు."

వీరరాఘవయ్య దాన్ని కాగితం మీద రాసుకున్నాడు. "సరే, గంటలో రావాలి. కోటు మాసిందో, చెప్తాను నీ పని."

ఆటో దిగేసరికి బుచ్చమ్మ గడపలో కూర్చుని ఉంది.

"గిట్లనే ఉరికొచ్చినవేందే? ఏడ్శి ఏడ్శి గిప్పుడే పండిండు. లేపకు."

"లేపాలక్కా. మళ్లీ వెళ్లాలి."

పిల్లవాడు కళ్లు తెరిచి, తెల్లకోటు చూసి, సూదిమందు ఆవిడనుకుని కెవ్వుమన్నాడు. కరుణ కోటు విప్పి మేకుకు తగిలించింది. అప్పుడు గుర్తుపట్టి పాలు తాగడం మొదలెట్టాడు.

"షాటైందా?" అంది బుచ్చమ్మ.

"సగమైంది."

"మరి తక్కిన సగం?"

"ముందు వీడిది కానీ అక్కా."

గడియారం చూస్తే, ఇచ్చిన గంటలో ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. పిల్లవాణ్ణి రెండో వైపుకు మార్చుకుంది. వాడేమీ తొందరపడలేదు.