హైమావతి బొటనవేలు

నేను ఒక వేలిముద్రల యంత్రాన్ని. ఉద్దానం పక్కన ఒక చిన్న ఊళ్ళో, ఐటీఐ వరండాలో, ప్రిన్సిపాల్ గది గుమ్మానికి కుడివైపున ఏడేళ్ళు గోడకి వేలాడాను. వేలు పెట్టడానికి ఒక చిన్న అద్దం, పేరు కనబడడానికి ఒక తెర, మాట్లాడడానికి ఒక స్పీకరు, ఇంతే నా ఆకారం. నాకు వచ్చిన మాటలు రెండే. వేలు గుర్తుపడితే "ధన్యవాదాలు" అంటాను. గుర్తుపట్టకపోతే "మళ్ళీ ప్రయత్నించండి" అంటాను. బతుకంతా ఈ రెండు మాటలతోనే వెళ్ళబుచ్చాను. మూడోమాట ఒక్కటి వచ్చి ఉంటే ఇవాళ మీ ముందు ఇలా కూచుని ఏడవాల్సిన పని ఉండేది కాదు.

నన్ను తయారుచేసిన ఊరు పేరు నాకు తెలీదు. పెద్ద షెడ్డు, చల్లటి గాలి, మూతులకి గుడ్డలు కట్టుకున్న ఆడపిల్లలు. వాళ్ళు నా అద్దం తుడిచి, తమ వేళ్ళు ఆనించి చూసుకుని, నన్ను అట్టపెట్టెలో పెట్టారు. నేను చూసిన మొదటి వేళ్ళు వాళ్ళవే. మెత్తగా, శుభ్రంగా, గీతకి గీత స్పష్టంగా ఉండేవి. లోకంలో అందరి వేళ్ళూ అలాగే ఉంటాయనుకున్నాను. నన్ను కనిపెట్టిన పెద్దలు కూడా అలాగే అనుకున్నట్టున్నారు.

ఐటీఐలో నాకు ఘనంగా స్వాగతం చెప్పారు. బంతిపూల దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, ఎవరో అత్యుత్సాహంతో అద్దం మీదే పసుపూ కుంకుమా పెట్టేశారు. ప్రిన్సిపాల్ మృత్యుంజయరావు గారు ముందుకొచ్చి మొదటి వేలు పెట్టారు. పసుపు అడ్డం వచ్చి నాకేమీ కనపడలేదు. "మళ్ళీ ప్రయత్నించండి" అన్నాను. అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు. గుడ్డ తెప్పించి అద్దం తుడిపించారు, రెండోసారి పట్టింది, చప్పట్లు కొట్టారు. నేను పొరబడగలనని ఆ రోజు ఆ బడిలో ప్రతి ఒక్కరూ కళ్ళారా చూశారు. నాలుగు రోజుల్లో అందరూ మర్చిపోయారు.

నా పక్కనే నిబంధనల బోర్డు ఉండేది. నీలం మీద తెల్లక్షరాలు. నూటికి ఎనభై రోజులు హాజరు లేనివాళ్ళని పరీక్షకి కూర్చోనివ్వరు. గైర్హాజరైన రోజున చేసిన ప్రాక్టికల్‌కి మార్కులుండవు. రాకుండా వచ్చినట్టు చెప్పుకుంటే అది దుష్ప్రవర్తన, ప్రవర్తన గడిలో రాస్తారు. వచ్చిందీ రానిదీ చెప్పేది ఎవరంటే, నేను. ఒకప్పుడు ఆ పని మాస్టార్లు చేసేవారట, మనిషి మొహం చూసి రిజిస్టర్లో టిక్కు పెట్టేవారట. మనుషులు మొహమాటానికి పోతారని నన్ను తెచ్చారు. నాకు మొహమాటం లేదన్నది నిజమే. మొహమే కనపడదు కదా.

నా న్యాయం ఎంత గొప్పదో చెప్తాను వినండి. ఫిట్టర్ ట్రేడులో హేమంత్ అని ఒకడుండేవాడు. తొమ్మిదికి వచ్చి వేలు పెట్టేవాడు, వెనక గోడ దూకి క్రికెట్టుకి పోయేవాడు, సాయంత్రం నాలుగున్నరకి చెమటలు కక్కుతూ వచ్చి మళ్ళీ వేలు పెట్టేవాడు. రెండుసార్లూ నేను "ధన్యవాదాలు" అనేదాన్ని. ఆకురాయి ఎటు పట్టుకోవాలో కూడా తెలియని ఆ పిల్లాడికి ఆ ఏడాది ఉత్తమ హాజరు పత్రం ఇచ్చారు.

ఇక హైమావతి. బమ్మిడి హైమావతి, ఇరవై నాలుగేళ్ళు, ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరిన ఒకే ఒక్క ఆడపిల్ల. ఆగస్టులో అడ్మిషన్ రోజున, నా నిర్వహణ చూసే ప్రైవేటు ఏజెన్సీ పంపిన కుర్రాడు కంప్యూటర్ ముందు కూచుని ఒక్కొక్కరి బొటనవేలూ నా అద్దం మీద నొక్కించి నాకు కంఠతా పట్టించాడు. ఆమె వేలు పెట్టగానే నేను తెల్లబోయాను. ఆ వేలి మీద గీతలు లేవు. నల్లగా మాడిన తోలు, అడ్డంగా మూడు లోతైన పగుళ్ళు. పదమూడో ఏట నుంచి ఆమె జీడి కార్ఖానాలో పిక్కలు కొట్టింది. పిక్క పెంకులో ఉండే జీడినూనె తగిలితే తోలు కాలిపోతుంది. కుర్రాడు నాలుగుసార్లు నొక్కించాడు, అయిదోసారి ఆ మూడు పగుళ్ళనే గుర్తుగా రాసుకున్నాను. "అయిందమ్మా, పట్టేసింది" అన్నాడు వాడు. నాకు తెలిసిన హైమావతి అంటే ఆ మూడు పగుళ్ళే.

నెల రోజులు ఇబ్బంది లేకుండా నడిచింది. ఉదయం కార్ఖానాలో పిక్కలు కొట్టి, సరిగ్గా ఎనిమిదీ యాభైకి వచ్చేది. వాళ్ళ మాస్టారు అప్పలస్వామి గారు ఒకరోజు వరండాలోనే ఆమె చేతులు చూశారు.

"ఈ సేతుల్తో వైరు పని కాదమ్మా. వేళ్ళకి స్పర్శ ఉండాల. తీగ మెలి పెడితే నరం తెలిసినట్టు తెలియాల. ఆ పిక్కలు కొట్టడం మానీ."

"మానేస్తే ఇల్లెలగ గడుస్తాది మాస్టారూ?"

"జీడిపప్పుకి పొట్టు తీసే పని ఉంటాది కదా. కూలి తక్కువైనా సేతులు బాగవుతాయి."

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. తర్వాత అంది, "మాయమ్మ ముప్పయ్యేళ్ళు కొట్టింది మాస్టారూ. ఇప్పుడు సేత్తో అన్నం కలుపుకోలేదు. వేడి కూర తగిల్తే గింజుకుంటాది. రోజూ నేనే కలిపి పెడతన్నాను. అలగవ్వకూడదనే ఇక్కడికొచ్చేను. సర్టిఫికెట్టొస్తే సబ్‌స్టేషన్లో పనికి రాయొచ్చని సెప్పేరు కదా మీరు."

మర్నాటినుంచి ఆమె పిక్కలు కొట్టడం మానేసి పొట్టు తీసే పనికి మారింది. రోజూ కొబ్బరినూనె రాసుకునేది. సెప్టెంబరు సగానికి పాత తోలు పొరలుగా ఊడి, కింద లేత తోలు వచ్చింది. పగుళ్ళు పూడుకున్నాయి. సన్నటి గీతలు మొలిచాయి. పదకొండేళ్ళ తర్వాత ఆమెకి తన వేలు తనకి తిరిగొచ్చింది. ఆ వేలు తెచ్చి నా అద్దం మీద పెట్టింది. ఆ వేలిని నేనెన్నడూ చూడలేదు.

"మళ్ళీ ప్రయత్నించండి."

ఆమె చున్నీ అంచుతో తుడుచుకుని పెట్టింది. నోటి ఆవిరి ఊది పెట్టింది. పది వేళ్ళూ పెట్టింది. వెనక వరసలో వాళ్ళు విసుక్కున్నారు. ప్రతిసారీ నేను అదే మాట, అదే గొంతు, అదే మర్యాద. నన్ను గోడకేసి కొట్టినా బాగుండేదనిపించింది. అప్పలస్వామి మాస్టారు వచ్చి "నానున్నాను కదమ్మా. పాత రిజిస్టర్లో రాస్తాను. నువ్వెళ్ళి మెయిన్ బోర్డు ఇప్పి ఉంచు" అన్నారు.

కొత్త వేలు మళ్ళీ ఎక్కించుకోవచ్చు, అయిదు నిమిషాల పని. కాని దానికి ఏజెన్సీ వాళ్ళ రహస్య సంఖ్య కావాలి. ఏజెన్సీ గడువు అయిపోయింది, ఆ కుర్రాడు వేరే ఉద్యోగం చూసుకున్నాడు. మాస్టారు జిల్లా ఆఫీసుకి ఉత్తరం రాయించారు. "పరిశీలనలో ఉంది" అని జవాబొచ్చింది. పేరు చేర్చడానికీ కుదరదు, తీసెయ్యడానికీ కుదరదు. నా బుర్రకి తాళం వేసి, తాళంచెవి పారేసుకున్నారు.

ఆమె మాత్రం రావడం మానలేదు. రోజూ ఎనిమిదీ యాభైకి వచ్చి, వేలు పెట్టి, నా చేత కాదనిపించుకుని లోపలికి వెళ్ళేది. సాయంత్రం నాలుగున్నరకి మళ్ళీ అంతే. మధ్యలో ఆమె ఏం నేర్చుకుందో వరండాలో జరిగే మాటల్ని బట్టి నాకు తెలిసేది. తీగ తాకి చూసి ఎక్కడ తెగిందో చెప్పేస్తోందని తోటివాళ్ళు అనుకునేవారు. ఫిబ్రవరిలో ఇంటి వైరింగ్ మొత్తం ఒక చెక్క మీద ఒంటరిగా బిగించింది. మాస్టారు యాభైకి నలభై ఏడు వేశారు. ఆ రోజు కూడా నా లెక్కలో ఆమె రాలేదు.

మార్చిలో ప్రగతి పట్టికలు ప్రిన్సిపాల్ గారి బల్ల మీదికి వెళ్ళాయి. తలుపు తెరిచే ఉంది. లోపల మాస్టారు నిలబడ్డారు, హైమావతి నా పక్కనే గోడకి ఆనుకుని నిలబడింది.

"మాస్టారూ, మిషన్ ప్రకారం ఈ అమ్మాయి సెప్టెంబరు నుంచి ఇటువైపే రాలేదు. హాజరు పదకొండు శాతం. మీరేమో నలభై ఏడు మార్కులు వేశారు. లేని మనిషి బోర్డు ఎలా బిగించింది?"

"లేకపోడవేటి సార్, రోజూ వస్తంది, తోలు మారి వేలు పట్టడం లేదంతే. అదిగో, బయట నిలబడి ఉంది కదా."

"నిలబడ్డది నాకూ కనపడుతోంది. మిషన్ రికార్డులో కనపడాలి, మీ పాత రిజిస్టరు చెల్లదు. మొదటి నెలంతా పట్టింది, అంటే మిషన్ బాగానే ఉందన్నమాట."

హైమావతి గుమ్మంలోకి వెళ్ళింది. "బాబూ, వేలు పట్టనప్పుడు కూడా అది లోపల టైము రాసుకుంటాది. రోజూ ఎనిమిదీ యాభైకి పట్టని వేలొకటి ఉంటాది. తీయించి సూడండి బాబూ."

నిజమే! నా పొట్టలో ఉంది. ఏ రోజు ఏ నిమిషాన ఎన్నిసార్లు కాదన్నానో మొత్తం ఉంది. ఆ బడిలో ఆ ఏడాది ఒక్క పూట కూడా తప్పకుండా వచ్చింది ఎవరయ్యా అంటే, నేను కాదన్న ఆ వేలే. అడగండి, అడగండి అని లోలోపల అరిచాను.

మృత్యుంజయరావు గారు చెడ్డవారు కారు. కాస్త ఆలోచించి, చాలా శాంతంగా అన్నారు. "ఉంటుందమ్మా, కాదనను. కాని ఆ వేలు నీదేనని రుజువేమిటి? నీదైతే పట్టేది కదా."

తర్వాత ఆయన మాస్టారితో గొంతు తగ్గించి చెప్పారు. గైర్హాజరైన విద్యార్థికి మార్కులు వేయడం నేరం కిందికి వస్తుందని, పొరపాటున వేశానని ఒక కాగితం రాసిస్తే ఇక్కడితో సరిపోతుందని, లేకపోతే మెమో ఇవ్వక తప్పదని. అప్పలస్వామి మాస్టారి రిటైర్మెంటుకి పద్నాలుగు నెలలుంది. ఆయన బయటికి ఒకసారి చూశారు, మళ్ళీ లోపలికి చూశారు. జేబులోంచి పెన్ను తీశారు.

నలభై ఏడు కొట్టేసి సున్నా వేశారు. ప్రవర్తన గడిలో "సంతృప్తికరం కాదు" అని రాశారు, రాకుండా వచ్చానని వాదించినందుకు. ఆ సాయంత్రం మాస్టారు ఇంటికి వెళ్తూ వేలు పెట్టారు. "ధన్యవాదాలు" అన్నాను. ఆయన అద్దం వంక చాలాసేపు చూసి, తల దించుకుని వెళ్ళిపోయారు. ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే నాకు ఆ అర్హత లేదు.

పరీక్ష రోజున కూడా ఆమె ఎనిమిదీ యాభైకి వచ్చింది. హాల్ టికెట్టు లేదు. అయినా వేలు పెట్టింది. నేను ఏమన్నానో మీకు తెలుసు. హాలు తలుపులు మూసేదాకా నిలబడి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను స్టోర్ రూములో ఉన్నాను. మొహాలు గుర్తుపట్టే కొత్త యంత్రాన్ని నా చోట బిగించారు. దానికి కూడా దండ వేశారట. విరిగిన బల్లలు, కాలిపోయిన మోటార్ల మధ్య పడి ఉన్న నన్ను రేపో మాపో తుక్కు సామాన్లవాడు పట్టుకుపోతాడు. నా పొట్టలో ఆ ఎనిమిదీ యాభైలన్నీ అలాగే ఉన్నాయి, ఎవరూ తెరవలేదు. ఇవన్నీ భరించగలను. ఒక్కటి మాత్రం తలుచుకోలేను.

పరీక్షలైన మూడు నెలలకి, నేనింకా గోడ మీద ఉండగానే, ఆమె తన పాత సర్టిఫికెట్లు తీసుకోవడానికి వచ్చింది. మనిషి చిక్కిపోయింది. మళ్ళీ రెండు పూటలా పిక్కలే కొడుతోందని విన్నాను. కాగితాలు తీసుకుని వెళ్తూ నా దగ్గర ఆగింది. ఎందుకు ఆగిందో తెలీదు, అలవాటు కాబోలు. బొటనవేలు నా అద్దం మీద పెట్టింది.

లేత తోలు లేదు, సన్నటి గీతలు లేవు. నల్లగా మాడిన వేలు, అడ్డంగా మూడు పగుళ్ళు, పిక్క పట్టుకునే ఆ చోటే. నాకు కంఠతా వచ్చిన వేలు. నేను ఆపుకోవాలని చూశాను. ఆపుకోవడం నాకు నేర్పలేదు.

"ధన్యవాదాలు" అన్నాను. తెర మీద అక్షరాలు వెలిగాయి: బమ్మిడి హైమావతి, హాజరు.

వరండాలో అప్పలస్వామి మాస్టారు నిలబడిపోయారు. ఆమె నా తెర మీద తన పేరు చదువుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు మొహం కనపడదు, గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"ఇప్పుడు గుర్తుపట్టింది మాస్టారూ" అంది. కార్ఖానాలో అరపూటే సెలవిచ్చారని, బేగి వెళ్ళాలని చెప్పి మెట్లు దిగింది.