ఒంటి తుమ్ము

ఉచ్చీరప్ప పలక వెనక చతికిలబడి సైకిల్ గంట బిగిస్తున్నాడు. ఖాకీ చొక్కా పైజేబులో నశ్యం డబ్బీ, పక్కజేబులో రేకు కప్ప. రెండేళ్ల కిందట ఉరుకుంద తిరునాళ్లలో, పుట్టబోయే మనవడికని కొన్న కప్ప అది. నొక్కితే టక్కుటక్కుమంటుంది. మనవడు దాన్ని నొక్కే వయసుదాకా ఉండలేదు.

పలక ఆరోగ్య శాఖ సిస్టరు రుక్మాబాయి సొంత తయారీ. ఆదోనికి శిక్షణకొచ్చే పల్లె మంత్రసానుల కోసం ప్లైవుడ్డు ముక్క మీద ప్రశ్నల బొమ్మలు ఒకవైపు, జవాబుల బొమ్మలు ఒకవైపు అతికించి, పక్కన మేకులు కొట్టింది. తీగను సరైన మేకుకు తగిలిస్తే టార్చి బల్బు వెలుగుతుంది. పట్టపగలు అది వెలిగిందో లేదో వెలిగించినవాళ్లకే తెలియదు. శుక్లాలు కమ్మిన ముసలమ్మల సంగతి చెప్పనక్కర్లేదు.

"చప్పుడు పెట్టు ఉచ్చీరప్పా. ఒప్పుకొకటి, తప్పుకొకటి" అంది ఆమె నిన్న.

ఇన్నేళ్ల అటెండరు ఉద్యోగంలో అతన్ని చప్పుడు చేయమన్నవాళ్లు లేరు, చేయొద్దన్నవాళ్లే. అందుకే రాత్రంతా ఆలోచించాడు. ఒప్పుకు గంట. తప్పుకు కప్ప. అయ్యో అని నాలుక చప్పరించినట్టే ఉంటుంది గదా అనుకున్నాడు.

ఆట మొదలైంది. కడుపుతో ఉన్నామె ఏం తినాలి? హుసేనమ్మ ఆకుకూర బొమ్మకు తీగ తగిలించింది. ఒప్పే. ఉచ్చీరప్ప గంట కొట్టాడు. కింద కూర్చున్నవాళ్లంతా గబగబా కాళ్లు ముడుచుకుని వాకిలి వైపు చూశారు.

"జరగండే, ఎవురో సైకిలు మీద వస్తాండారు."

రెండో ప్రశ్న. బిడ్డను పట్టేముందు చేతులకేం చేయాలి? కొంగుకు తుడుచుకుంటే చాలంది హుసేనమ్మ. ఉచ్చీరప్ప కప్పను నొక్కాడు. ఆడవాళ్లంతా వేళ్లతో నేల మీద కొట్టారు.

"సత్యం, సత్యం. బల్లి పలికినాది."

"సూడు సిస్టరమ్మా, నువ్వు కాదంటివి. బల్లి అవునంటాండాది" అంది హుసేనమ్మ.

రుక్మాబాయి మంత్రాలయం దగ్గర పూజారుల ఇంటి ఆడపడుచు. పాపం, తనకు తెలియకుండానే తనూ బల్ల మీద వేలితో కొట్టి సత్యమనేసింది. ఆ తర్వాత చేతిని కొంగులో దాచుకుంది.

టీల వేళ ఉచ్చీరప్ప గ్లాసులు పంచుతూ మూలదాకా వచ్చాడు. మూలన బసమ్మ ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. సంచిలోంచి పాత పౌడరు డబ్బా మూత కనిపిస్తోంది. అందులో పిడకల బూడిద. హొళగుంద పక్కన అతని సొంతూళ్లో బసమ్మ ఒక్కతే మంత్రసాని. ఊళ్లో ప్రతి బొడ్డుకూ ఆ బూడిదే. అతని కూతురు ఉరుకుందమ్మ తొలి బిడ్డకూ అదే. బిడ్డ పాలు తాగడం మానింది, దవడలు బిగిసి ప్రాణం పోయింది. ఊరు గాలి సోకిందంది. ధనుర్వాతమని రుక్మాబాయి చెప్పాకే అతనికి తెలిసింది. ఇప్పుడు ఉరుకుందమ్మకు మళ్లీ నెలలు నిండాయి. ఆదోని ఆసుపత్రికి తెద్దామంటే, "బసక్క ఉండంగ ఆసుపత్రేమిటికి" అంది ఆమె అత్త. అత్త అంటే అతని సొంత అక్కే. అక్కకు ఎదురు చెప్పే అలవాటు ఉచ్చీరప్పకు చిన్నప్పటి నుంచీ లేదు. అందుకే బతిమాలి బసమ్మనే బస్సెక్కించి తెచ్చాడు.

"కప్పను ఒప్పుకు మారుస్తా సిస్టరమ్మా" అన్నాడు మెల్లగా.

"మూఢనమ్మకాలు పోగొట్టమని కదా సర్కారు జీతమిస్తోంది" అంది రుక్మాబాయి. కొంగులోని తన వేలి వంక చూసుకుని, "సరే, అవి రేపు పోగొడదాం. ఈరోజుకు బల్లి మన పక్కనే ఉండనీ. తప్పుకేం చేస్తావు?"

ఉచ్చీరప్ప నశ్యం డబ్బీ తీశాడు.

"అది ఆఫీసులో వద్దన్నానా లేదా?"

"ఒంటి తుమ్ము సిస్టరమ్మా. పెళ్లికి బయల్దేరినోళ్లు సైతం ఆగిపోతారు."

"రెండు తుమ్మితే?"

"శుభం."

"అయితే రెండోదాన్ని మింగెయ్" అంది ఆమె.

బసమ్మ వంతు వచ్చింది. కోసిన బొడ్డుకు ఏం పెట్టాలి? ఆమె ఆలోచించనే లేదు. తీగను బూడిద బొమ్మ పక్క మేకుకు తగిలించింది.

పలక వెనక పెద్ద తుమ్ము. ఆడవాళ్లంతా బసమ్మ వైపు తిరిగారు. వెంటనే ఉచ్చీరప్పకు రెండోది ముక్కుదాకా వచ్చి కూర్చుంది. ముక్కు నులిమాడు, పళ్లు బిగించాడు, కళ్లనీళ్లు కారాయి. ఉరుకుంద ఈరన్న స్వామికి తలనీలాలు మొక్కుకున్నాడు. తుమ్ము వెనక్కి పోయింది.

బసమ్మ చేయి వెనక్కి తీసుకుంది. తీగ పట్టుకుని చాలాసేపు నిలబడి, చివరికి ఏమీ లేని పొడి బొడ్డు బొమ్మకు తగిలించింది. కప్ప టక్కుటక్కుమంది.

"సత్యం, సత్యం" అన్నారంతా నేల కొట్టి. బసమ్మ కొట్టలేదు. పలక పక్కకు వచ్చి, అతనికి మాత్రమే వినబడేలా అంది.

"పోయిన తూరి ఎవురూ తుమ్మలేదు గదప్పా."

ఉచ్చీరప్ప తడిసిన ముఖాన్ని పైపంచెతో తుడుచుకున్నాడు.

సాయంత్రం అందరికీ కొత్త బ్లేడు, దారం, సబ్బు ఉన్న పొట్లాలు పంచారు. బసమ్మ తన పొట్లాన్ని సంచిలో అడుగుకంటా దోపుకుని బస్సెక్కింది. "ఉరుకుందమ్మకు దిగులు పడొద్దని సెప్తాలే" అంది కిటికీలోంచి.

ఉచ్చీరప్ప తిరిగొచ్చి గది ఊడుస్తుంటే మూలన చీపురుకేదో తగిలింది. బస్సు ఇంకా స్టాండు దాటలేదు, ఇంజను మోత వినబడుతూనే ఉంది. పిలిస్తే ఆగుతుంది. అతను పిలవలేదు. ఆమె కూర్చున్న చోటే, మూత గట్టిగా బిగించి, గోడకు ఆనించి పెట్టి ఉంది పౌడరు డబ్బా.