తెరిచి ఉంచిన టికెట్

"మాడి మీదికి పోతాండావు గదా, ఈ కర్ర కూడా ఎత్తుకొని పో. ఎండబెట్టిన వడగాలు కాకులు తినేస్తాయి" అంది మా అత్త తాయారు. చెవిలో ఇయర్‌ఫోను, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో కర్ర. నా మనసు బాగాలేదని ఒక మనిషికి చెప్పుకోవడానికి ఆ వాలకంతో మాడి, అంటే మిద్దె, ఎక్కాను.

మిద్దె ఎందుకంటే, మా ఇంట్లో పగటిపూట తలుపు వేసుకోకూడదు. తమిళం మాట్లాడే ఈ ముత్తియాల్‌పేటలో మూడు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం మాది. పట్టపగలు గదికి గడియ పెడితే లక్ష్మి గడప దగ్గర్నుంచే వెనక్కి పోతుందని మా అత్త గట్టి నమ్మకం. పెళ్లయిన కొత్తలో చీర మార్చుకుంటూ గడియ పెట్టుకున్నందుకు "ఏంది, లోపల ఏం చేస్తాండావు" అని బయటినుంచి అడిగింది. అప్పట్నుంచి చీర తలుపు వెనక నిలబడి మార్చుకోవడం అలవాటైంది. ఇంటినుంచి పనిచేసే రోజుల్లో ఆఫీసు మీటింగులు కూడా తెరిచిన తలుపు ముందే. నేను మాట్లాడుతుంటే మా మామ సుబ్బరాయలు వచ్చి గ్లాసు చూపిస్తాడు. మ్యూట్ నొక్కి వెళ్లి కాఫీ కలిపి ఇచ్చి వస్తాను. నా బతుకులో నేను ఎక్కువగా వాడింది ఆ మ్యూట్ బటనే అనుకుంటాను.

కౌన్సెలర్ ఏ భాషలో మాట్లాడాలని కంపెనీ యాప్ అడిగినప్పుడు తెలుగు అని నొక్కాను. పక్క మిద్దె మీద తిలగం అక్క ఆ వేళకు బట్టలు ఆరేస్తూ ఉంటుంది. ఆమెకు తమిళం తప్ప తెలుగు రాదు. కింద మావాళ్లకు రెండు భాషలూ వచ్చుగానీ, అత్తకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కదు. ఇంత లెక్క వేసుకుంటే తప్ప నేను ఏడవడానికి లేదు.

మా కంపెనీ పని చెప్పాలి. పైదేశాల ఆసుపత్రులు వాడే సాఫ్ట్‌వేర్‌లో ఏది చెడినా ఒక ఫిర్యాదు మాకు వస్తుంది. దాన్ని టికెట్ అంటాం. గడువులోపల సరిచేసి, ఏం చేశామో రాసి, మూసేయాలి. లేకపోతే అందరికీ కనబడేలా స్క్రీన్ మీద ఎర్రబడుతుంది. పోయినేడు వేరే ఊరి బ్రాంచిలో ఒకతను పని మధ్యలో కుప్పకూలిపోయాడు. అప్పుడు కంపెనీకి ఉన్నట్టుండి మా మనసులు గుర్తొచ్చాయి. ప్రతి బ్రాంచిలో ఒక 'వెల్‌నెస్ బడ్డీ' ఉండాలన్నారు. బాధలో ఉన్నవాళ్లు వచ్చి చెప్పుకుంటే వినే మనిషన్నమాట. మా మేనేజర్ తమిళ్‌సెల్వన్ హాలంతా ఒకసారి చూసి, "జయంతి చేస్తుంది. ఆడవాళ్లకు ఓపిక ఎక్కువ" అన్నాడు. సరే సార్ అన్నాను. సరే అనే మాట నా నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, ఆలోచన తర్వాత వస్తుంది.

నా టికెట్లు ఒక్కటీ తగ్గించలేదు. ఇంట్లో చెబితే మా ఆయన వెంకటేశన్, "ఊరికే కూర్చొని వినేదే గదా, అదీ ఒక పనా" అన్నాడు. పాడైన మానిటర్లు పడేసే గదిని ఊడ్పించి, రెండు కుర్చీలు, ఒక ప్లాస్టిక్ మొక్క పెట్టారు. తాళం నాకిచ్చారు. మొదట అభినయ వచ్చింది. క్లయింటు ఫోన్లో తిట్టిన తిట్లు చెప్పి చెప్పి ఏడ్చింది. తర్వాత ఒక్కొక్కరే మొదలుపెట్టారు. అక్కా, ఒక్క నిమిషం అంటారు. అందరిదీ విన్నాను. ట్రైనింగులో చెప్పినట్టు సలహా ఇవ్వకుండా, మధ్యలో అడ్డుపడకుండా విన్నాను. వాళ్లు తేలికపడి వెళ్లిపోయేవాళ్లు. వాళ్లు వదిలేసిన బరువంతా నేను స్కూటరు మీద ఇంటికి మోసుకొచ్చి, పాపకు హోంవర్కు చేయించి, దోసెలు పోసేదాన్ని.

ఒకరోజు మణికూండు గడియార స్తంభం దగ్గర స్కూటరు ఆపేశాను. ఆఫీసుకు వెళ్తున్నానా ఇంటికి వస్తున్నానా గుర్తు రాలేదు. వెనక ఆటోలవాళ్లు హారన్లు కొడుతున్నారు. భయం వేసింది. నిజంగా భయం వేసింది. ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. "సేదరపేట్ ఫ్యాక్టరీలో మేము కొలిమి ముందర నిలబడి చేస్తాం. ఏసీలో కూర్చొని చేసేదానికి నీకేంది టెన్షన్?" అన్నాడు. అంటూనే కంచం ముందుకు జరిపాడు, సాంబారు పోయమని. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

అందుకే యాప్‌లో కౌన్సెలర్‌తో మాట్లాడే అరగంట అడిగి తీసుకున్నాను. ఆమె హైదరాబాదు వైపు మనిషి, టీవీలో వార్తలు చదివినంత శుభ్రమైన తెలుగు. మీకంటూ మీకు సమయం ఎప్పుడు దొరుకుతుందండీ అని మెల్లగా అడిగింది. జవాబు వెతుక్కుంటుంటే కాకి వడియాల గుడ్డ మీద వాలింది. ఉష్ అని కర్ర విసిరాను. ఆమె కంగారుపడింది. కాకి అండీ అన్నాను. ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో నాకు తెలియలేదు. పక్క మిద్దె మీద తిలగం అక్క నోట్లో క్లిప్పుతో నిలబడిపోయింది. కంట్లో దుమ్ము పడిందని సైగ చేశాను.

చెప్పాను. మణికూండు సంగతి చెప్పాను. టికెట్ వచ్చినప్పుడు మోగే చప్పుడు ఇంట్లో కుక్కరు కూతలో కూడా వినబడుతోందని చెప్పాను. అందరి కష్టాలూ వింటాననీ, నన్ను ఎలా ఉన్నావని అడిగినవాళ్లు కూడా జవాబుకోసం ఆగరనీ చెప్పాను. ఆ 'అందరూ' ఆఫీసు మనుషులని ఆమెకు తెలియదు, చుట్టపక్కాలు అనుకున్నట్టుంది. అంతా విని, "మీరు ఒంటరిగా లేరండీ. మీ బ్రాంచిలో శిక్షణ పొందిన బడ్డీ ఒకరున్నారు. నేను వారికి రాస్తాను. మీ పేరు బయటపడదు. వారే మిమ్మల్ని చూసుకుంటారు" అంది.

ఆ బడ్డీని నేనేనండీ అని చెప్పడానికి నోరు తెరిచాను. కింది నుంచి అత్త కేక వేసింది, "జయంతీ, ఇంకా ఎంతసేపు? పాప బడి విడిచే వేళాయె." సరేనండీ అన్నాను. అత్తతో అనాల్సిన మాట ఫోన్లో ఆమెతో అనేశాను. అరగంట అయిపోయింది. కాల్ దానంతటదే ఆగిపోయింది.

మర్నాడు ఆఫీసులో నా స్క్రీన్ మీద ఒక టికెట్ తెరుచుకుంది. పేరు లేదు. మీ బ్రాంచిలో ఒక ఉద్యోగిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారు, వెంటనే కలిసి మాట్లాడండి, శుక్రవారం మధ్యాహ్నం లోపల మూయండి అని ఉంది. కింద, బాధ్యత: జయంతి. ఆ ఒక్క వాక్యం ఎన్నిసార్లు చదివానో. నా గురించి అంత మర్యాదగా అప్పటిదాకా ఎవరూ రాయలేదు.

తమిళ్‌సెల్వన్ నా కుర్చీ వెనక నిలబడి, ఎవరది, అభినయేనా అని అడిగాడు. తెలియదు సార్ అన్నాను. ఒక కాఫీ తాగించి నాలుగు మంచి మాటలు చెప్పు, శుక్రవారం రివ్యూకు హెడ్డాఫీసువాళ్లు చూస్తారు, అప్పటికి మూసేయమన్నాడు.

మధ్యాహ్నం తాళం తీసి ఆ గదిలోకి వెళ్లాను. గడియ పెట్టుకున్నాను. ఎప్పుడూ నేను కూర్చునే కుర్చీ కాకుండా, ఏడ్చేవాళ్లు కూర్చునే కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా నా కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరైనా వచ్చి అందులో కూర్చుంటే బాగుండునని, తెలివితక్కువగా, చాలాసేపు చూశాను. మా అమ్మైనా సరే, మా ఆయనైనా సరే, పోనీ తిలగం అక్కైనా సరే. చివరికి తలుపు తట్టారు. అక్కా, ఒక్క నిమిషం. అభినయ గొంతు. లేచి, మొహం తుడుచుకుని, గడియ తీసి, ఆ కుర్చీ ఆమెకు వదిలి నా కుర్చీలో కూర్చున్నాను.

శుక్రవారం పొద్దున ఆ టికెట్ తెరిచి పెట్టుకున్నాను. మాట్లాడాను, ఇప్పుడు బాగుంది అని రాసి నొక్కితే పోతుంది. నాకు అలవాటైన పనే. వేళ్లు అక్షరాల మీద పెట్టాను. రాయలేకపోయాను. నా జీవితంలో ఏదీ ఎర్రబడకుండా చూసుకోవడమే నా గొప్ప. అత్త మందులు, పాప ఫీజు, మామ కాఫీ, క్లయింటు గడువు. ఇదొక్కటి ఎర్రబడనీ అనుకున్నాను. దానివల్ల నాకు ఒరిగేదేమీ లేదని తెలుసు.

రివ్యూలో పెద్ద తెర మీద బ్రాంచి మొత్తం ఆకుపచ్చగా ఉంది. మధ్యలో ఒకే ఒక్క ఎర్ర గీత. అందరూ దాన్నే చూశారు. తమిళ్‌సెల్వన్ మొహం మాడింది. "జయంతీ, నువ్వెప్పుడూ ఇలా చేయవే. ఆ ఒక్కటి ఇంకెందుకు తెరిచే ఉంది? ఇప్పుడే మూసేయ్" అన్నాడు.

సరే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆమెకింకా బాగాలేదు సార్" అన్నాను.